కంప్యూటర్ భాయ్ సరిచేసిన చెవులు

చావు కబురుకు కూడా బొటనవేలు ఎత్తి చూపిస్తే ఎట్లా చెప్పండి? ఆదివారం పొద్దున మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "మన కంప్యూటర్ భాయ్ ఇక లేరు" అని మేనేజరు పెట్టాడు. దాని కింద వరుసగా బొటనవేళ్ళు. ఒకాయన చేతులు జోడించాడు, అది నయం. ఇంకొకాయన తొందరలో కేకు బొమ్మ పెట్టి, తప్పు చూసుకుని తీసేశాడు. కేకు పోయింది గానీ, ఏదో తీసేశాడన్న గుర్తు మాత్రం అక్కడే ఉండిపోయింది. భాయ్ ఉన్నన్నాళ్ళూ మాకు మొత్తుకున్నది ఇదే. "వేలు ఆడించే ముందు కన్ను ఆడించండప్పా" అని. ఆయన పోయిన రోజు కూడా ఎవరూ వినలేదు.

నేను ఆ కబురు ఫోనులో చూడలేదు. ఇంటి ముందు బండి కడుగుతున్నాను. మా ఇంటామె వచ్చి భుజం తట్టి చెప్పింది. పొద్దున్నే టీ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నీళ్ళ పని కాబట్టి చెవిమిషన్లు అప్పటికే తీసి లోపల పెట్టి ఉన్నాను. ఆమె పెదాలు చూసే అర్థం చేసుకున్నాను. అయినా "ఎవరు?" అన్నాను. మళ్ళీ చెప్పింది. రెండోసారి అడిగింది వినపడక కాదు.

ఆయన్ను ఎరగనివాళ్ళ కోసం చెప్పాలి. మాది పట్టుచీరల కంపెనీ. ధర్మవరంలో మగ్గాలవాళ్ళ దగ్గర చీరలు తీసుకునే ఆఫీసు, పెనుకొండలో గోడౌను, హిందూపురంలో పెద్ద ఆఫీసు. నేను డ్రైవర్ని. ఈ మూడు చోట్లా కంప్యూటర్లు, ప్రింటర్లు, వేలిముద్రల మిషన్లు, వాటితో పోట్లాడే మనుషులు, అందరినీ చూసుకునేవాడు ఆయన. కాగితం మీద ఆయన ఉద్యోగం పేరు ఇంగ్లీషులో గజం పొడుగుండేది. మాకు మాత్రం కంప్యూటర్ భాయ్. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఎక్కడ ఏ మిషను మొరాయించినా నా బండిలోనే పోవాలి కాబట్టి, ఆయన ఇంటివాళ్ళతో కన్నా నాతోనే ఎక్కువ కూర్చున్నాడేమో.

ఆయన పోవడంతో నాకు రెండు నష్టాలు. ఒకటి మనిషి. రెండోది చెవులు. నా రెండు చెవులకూ మిషన్లున్నాయి. ఫోనులోంచి వాటిని సరిచేసి పెట్టేది ఆయనే. అవి సరిగ్గా లేకపోతే నేను స్టీరింగు పట్టుకోకూడదు. స్టీరింగు తప్ప నాకు వచ్చిన పని ఇంకోటి లేదు. పదో తరగతి మా ఊరి బడిలోనే తప్పాను. ఇప్పుడు కొత్తగా పాసయ్యే ఉద్దేశం కూడా లేదు.

భాయ్‌కి ప్రతి వస్తువు మీదా ఒక అభిప్రాయం ఉండేది. మనం అడగాల్సిన పని కూడా లేదు. కొత్త ఫోను కొంటామని ఎవరైనా సలహాకు వస్తే, ముందు వాళ్ళ పాత ఫోను చేతికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదేం తప్పు చేసిందప్పా?" అని అడిగేవాడు. పెళ్ళాన్ని వదిలేస్తానని వచ్చినవాణ్ణి పెద్దమనిషి అడిగినట్టు. సగం మంది సిగ్గుపడి వెనక్కి పోయేవాళ్ళు. మిగతా సగం మందితో, "కెమెరా ఎట్లుంటాది అని అందరూ అడుగుతారు. మాట వినపడతాదా అని ఎవడూ అడగడు. అది ఫోనా, ఫొటో స్టూడియోనా?" అనేవాడు.

ఆయన వైద్యం ఒకటే. "ఆపు. టీ తాగు. మల్లా వెయ్యి." మిషను ఆగినంతసేపు మనిషి కూడా ఆగాలని ఆయన లెక్క. కొందరైతే ఆ టీ లేకపోతే కంప్యూటర్ పనిచేయదనే నమ్మారు. పెనుకొండ గోడౌను గుమాస్తా ఒకసారి ఫోను చేసి, "భాయ్, ఈడ టీ లేదు, కాఫీ అయితే పర్వాలేదా?" అని అడిగాడు. ఈయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "చక్కెర తక్కువేసుకో" అన్నాడు.

మా ఆఫీసులో ఎవరి ఇష్టదైవం ఎవరో ఆయనకు తెలిసినంతగా పూజారులకు కూడా తెలియదు. అందరి పాస్‌వర్డులూ దేవుళ్ళ పేర్లే, చివర ఒకటి రెండు మూడు. మార్చమని నెలనెలా చెప్పేవాడు. "దేవుణ్ణి మార్చినోళ్ళు ఉండారు గానీ, ఆ ఒకటి రెండు మూడు మార్చినోడు ఒగడూ లేడప్పా" అని నాతో వాపోయేవాడు.

మేనేజరు చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ వచ్చింది. సాయంత్రమయ్యేసరికి లెక్క నిండకపోతే ఆయన టేబులు చుట్టూ తిరిగేవాడు. గది అద్దాల్లోంచి అది చూసి భాయ్ అన్నాడు: "వాచీ మనిషికి పని చేస్తాండాదా, మనిషి వాచీకి పని చేస్తాండాడా?" అదే మేనేజరు ఇంకోసారి మాట చెప్తే పాట వేసే డబ్బా ఒకటి తెచ్చి టేబులు మీద పెట్టాడు. దానికి మన మాట రాదు. యాడ, ఈడ అంటే బిత్తరపోతుంది. దానితో మాట్లాడాలంటే టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడాలి. "సార్, ఇన్నేండ్లుగా మాతో ఒక్కసారన్నా ఇంత మర్యాదగా మాట్లాడినారా?" అని భాయ్ మొహం మీదే అడిగాడు. మేనేజరు నవ్వి ఊరుకున్నాడు. ఆయన అడిగితే ఎవరికీ కోపం వచ్చేది కాదు.

అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. బటన్లు లేని ఫోన్లు వచ్చిన కొత్తలో, "ఇవి నిలబడవప్పా. జనానికి నొక్కినట్టు ఉండాల" అని నాతో పందెం కాశాడు. ఓడిపోయి బిర్యానీ తినిపించాడు. తినిపిస్తూ మళ్ళీ అదే మాట అన్నాడు.

నా చెవుల సంగతి ఆయన పట్టుకున్న తీరు చెప్తాను. ఒకరోజు ధర్మవరం పొలిమేరకు వచ్చాక అడిగాడు.

"ఏమప్పా, ఎడమకు తిరుగుతాండామా?"

"లేదే. ఏంటికి?"

"పెనుకొండ దాటినకాడి నుంచి బండి చెప్తానే ఉండాది, తిరుగుతా తిరుగుతా అని. నువ్వే పట్టించుకోలే."

చూస్తే ఇండికేటరు. ఎండ కొడుతుంటే ఆ పచ్చ గుర్తు కంటికి ఆనలేదు. దాని టిక్కు టిక్కు చెవికి చేరలేదు. నేను నవ్వేసి ఆపేశాను. ఆయన నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏదో అన్నాడు. నేను "అవునవును" అన్నాను. చెవులు తగ్గినవాడికి "అవునవును" ఒక ఊతకర్ర.

"ఏం చెప్పినానో చెప్పు."

"వానల సంగతే కదా?"

"ఈ బండి అమ్మేసి ఒంటెను కొందామంటి. నువ్వు సరే అంటివి."

కొంత దూరం పోయాం. తర్వాత ఆయనే నా వైపు పూర్తిగా తిరిగి, నాకు పెదాలు కనపడేటట్టు అడిగాడు.

"ఎన్నాళ్ళాయె?"

"రెండేండ్లు అయ్యింటాది భాయ్."

"ఇంట్లో తెలుసా?"

"టీవీ సౌండు పెంచుతాండానని తిడతాది. అంతే."

"మేనేజరుకు?"

"ఆయప్పకు తెలిస్తే నన్ను గోడౌనులో కూర్చోబెడతాడు. చీరలు మడిచేది నాకు రాదు భాయ్."

ఆయన తల ఆడించాడు. "కండ్లకు అద్దాలు పెట్టుకుంటే సదువుకున్నోడు అంటారు. చెవికి మిషను పెట్టుకుంటే ముసిలోడు అంటారు. చెవేం పాపం చేసిందప్పా?"

ఆ వారమే నన్ను పుట్టపర్తి ఆస్పత్రికి తీసుకుపోయాడు. మిషన్లు పెట్టాక మొదట వినపడింది నా చొక్కా. మనిషి కదిలితే చొక్కా చప్పుడు చేస్తుందన్న సంగతే నేను మరిచిపోయాను. బయటికొచ్చి బండి తీస్తే, ఇది నా బండేనా అనిపించింది. తలుపు ఒక రాగం, సీటు ఒక రాగం. "ఇన్ని రోగాలా దీనికి!" అన్నాను. "మేమందరం ఇన్నాళ్ళూ వింటానే ఉండాం లేప్పా" అన్నాడు భాయ్.

ఆ మిషన్లకు ఫోనులో రకరకాల సెట్టింగులు పెట్టుకోవచ్చు. ఆయన నా పక్కన కూర్చుని, రోడ్డు మీద ఎంత పెంచాలి, ఇంట్లో ఎంత తగ్గించాలి అని ఓపికగా చూసి మూడు చేశాడు. వాటికి పేర్లు కూడా పెట్టాడు. ఒకటి "బండి". ఒకటి "ఇల్లు". మూడోది "మేనేజరు". ఆ మూడోదాంట్లో సౌండు బాగా తక్కువ.

మర్నాడే మేనేజరు నా చెవులు చూశాడు. "ఏమప్పా అది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే భాయ్ అందుకున్నాడు: "బ్లూటూత్ సార్. కొత్త మోడలు." ఆఫీసులో నా గౌరవం ఒక్కసారిగా పెరిగింది. ఈ వయసులో ఏం సోకురా అని కొందరు, ఏ కంపెనీదన్నా అని కొందరు. మేనేజరు తనకూ ఒక జత తెప్పించమన్నాడు. "అవి మనిషి చెవి కొలత తీసి చేస్తారు సార్, అంగట్లో దొరకవు" అన్నాడు భాయ్. అందులో ఒక్క అబద్ధమూ లేదు.

అట్లా దసరా వచ్చింది. ఆయుధపూజకు మా దగ్గర కూడు పెట్టే ప్రతి వస్తువుకూ బొట్టు పడాల్సిందే. మగ్గానికీ, త్రాసుకూ, కంప్యూటర్లకూ, బండికీ. ఆ రోజు నేను స్నానానికి పోతూ చెవిమిషన్లు తీసి బండి తాళాల పక్కన పెట్టాను. మా ఇంటామె తాళాలకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. పక్కనున్న వీటిని చూసింది. ఇప్పుడు మా ఆయనకు కూడు పెట్టేవి ఇవే కదా అనుకుంది. అందులో తప్పేముంది? తడి పసుపు, దానిమీద కుంకుమ, నిండు మనసుతో పెట్టింది. మాట లోపలికి పోవాల్సిన ఆ సూది మొనంత రంధ్రాల్లోకి పసుపూ కుంకుమా పోయాయి. మిషన్లకే చెవుడు వచ్చింది.

తెల్లారితే మేనేజరును ధర్మవరం తీసుకుపోవాలి. ఆస్పత్రి సెలవు. మా ఇంటామె ఏడుపు మొహంతో కూర్చుంది. నేను భాయ్‌కి ఫోను చేయించాను. సెలవు రోజు అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. కీబోర్డులు తుడిచే మెత్తటి బ్రష్షు, రెండు జతల కళ్ళద్దాలు ఒకదాని మీద ఒకటి. కిటికీ దగ్గర కూర్చుని పొద్దు వాలేదాకా గీకాడు. మధ్యలో మా ఇంటామె అడిగింది.

"నేను పెట్టగూడదా అన్నా?"

"పెట్టాలమ్మా. ఇంతకంటే పెట్టాల్సిన వస్తువు ఈ ఇంట్లో లేదు. కాకపోతే దానికి మొగం యాడుందో మనకు తెలీలే. నోట్లో పెట్టేసినాం."

ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. ఆయన వచ్చింది అందుకేనేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కుడి చెవిది బాగయింది. ఎడమది కాలేదు. మర్నాడు ధర్మవరంలో ఆయనకు ఏ పనీ లేదు. అయినా వచ్చి ముందు సీటులో, నా ఎడమ పక్క కూర్చున్నాడు. మేనేజరు వెనక. ఆ పక్క నుంచి హారను వస్తే గేరు కడ్డీ మీద వేలితో తట్టేవాడు. ఆటో అయితే మెల్లగా, లారీ అయితే గట్టిగా. కొంత దూరం చూసి మేనేజరు అడిగాడు.

"ఏం భాయ్, తాళం వేస్తాండావు?"

"డ్రైవరుకు బ్లూటూత్‌లో పాట వస్తాండాది సార్. నేను తాళం వేస్తాండా."

ఆ పొద్దు నా ఎడమ చెవి ఆయనే. కానీ బండి దిగాక ఆయన మొహంలో ఎగతాళి లేదు. "ఇంక చాలప్పా. ఎగతాళి వేరే, బండి వేరే. వెనక కూర్చున్నాయప్ప బిడ్డలు గలోడు. ఈపొద్దే చెప్పాల, నేనూ వస్తా" అన్నాడు. ఇద్దరం పోయి చెప్పాం. నేను సగం చెప్పాను, మిగతా సగం ఆయన చెప్పాడు. మేనేజరు చాలాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి అన్నాడు:

"అయితే దాంట్లో పాటలు రావా?"

ఆ తర్వాత పెద్దమనిషిలాగే మాట్లాడాడు. ఏటా పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చి చూపించాలి, కాగితం బాగుంటే బండి నీదే అన్నాడు. మరుసటి దసరాకు భాయ్ మూడు ఆఫీసుల్లోనూ ప్రతి మిషను మీదా, గాలి పోయే చోటూ వేలు పెట్టే చోటూ తప్పించి, రూపాయి బిళ్ళంత తెల్ల కాగితం అంటించాడు, బొట్టు అక్కడ పెట్టమని. ఏటా పండగ ముందురోజు ఆ కాగితం ముక్కలు కత్తిరిస్తూ కూర్చునేవాడు. నా చెవిమిషన్ల డబ్బా మూతకూ ఒకటి అంటించాడు.

ఆయన్ను హిందూపురంలోనే మట్టి చేశారు. అందరితోపాటు నేనూ మట్టి వేశాను. గుప్పిట్లోంచి జారేటప్పుడు ఒక చప్పుడు, కింద తగిలినప్పుడు ఇంకో చప్పుడు. మా నాయన్ను మట్టి చేసిన రోజు నాకు ఇవేమీ వినపడలేదు. అప్పటికే చెవులు తగ్గాయి, ఎవరికీ చెప్పలేదు. ఈసారి అంతా వినపడింది. వినపడకపోయినా బాగుండేదని ఒక్క నిమిషం అనుకుని, అట్లా అనుకున్నందుకు ఆయన తిట్టే తిట్టు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంటికి పోయి వాకిట్లో నిలబడ్డాను. ఆయన ఇంటామె లోపల, పరదా అవతల ఉంది. మనిషి కనపడదు, పెదాలు కనపడవు. మాట మాత్రం వచ్చింది.

"వినపడతాండాదా అన్నా?"

"వినపడతాండాదమ్మా."

"ఆయన బండి దిగి ఇంటికి రాంగానే నీ గురించి అదే చెప్తాండ్రి. ఈపొద్దు ఒక్కసారి గూడా 'ఆఁ?' అనలేదు అని. పసిబిడ్డకు మాటలొచ్చినట్టు చెప్తాండ్రి."

పరదా అవతలికి కనపడదని మరిచిపోయి తల ఊపాను. ఆమె అవతల నుంచి, "ఉండావా అన్నా?" అంది. ఉన్నానన్నాను.

పోయిన వారం ఏడాది పరీక్ష పడింది. ఈసారి ఒంటరిగా, బస్సులో పుట్టపర్తి పోయాను. చెవులు చూసే అమ్మాయి నా ఫోను తీసుకుంది. "బండి, ఇల్లు సరే. ఈ మేనేజరు ఏంది అంకుల్?" అంది. చెప్పాను. బాగా నవ్వింది. తర్వాత పరీక్ష కాగితం చూసి నవ్వు ఆపింది.

"ఇంకొంచెం తగ్గినాయి అంకుల్. కొత్త కొలత పెట్టాల. ఈ మూడు సెట్టింగులూ పోతాయి."

"ఇవి ఉంచేదానికి కాదా అమ్మా?"

"ఇవి ఉంచితే మీకు లారీ హారను లేటుగా వినపడతాది."

మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. మేనేజరుకు కాగితం చూపిస్తే, చదివి చెయ్యి చాచాడు. "అది అయ్యేదాంకా తాళాలు నాకాడ పెట్టప్పా." న్యాయమే. అప్పటి నుంచి గోడౌనులో చీరలు మడుస్తున్నాను. నేను మడిచినవన్నీ నా వెనకే ఇంకొకరు మళ్ళీ మడుస్తున్నారు.

ఇన్ని రోజులు ఎందుకు ఆగావని మా ఇంటామె అడిగింది. ఏం చెప్పను? ఆ మూడు పేర్లూ ఆయన నా పక్కన కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టినవి. భాయ్ ఏమనేవాడో నాకు తెలియక కాదు. గోడౌను గుమాస్తా తన కంప్యూటర్‌లో పాత సెట్టింగులు తీసేస్తుంటే బాధపడితే ఒకసారి అన్నాడు: "సెట్టింగు చెప్పు మాదిరి అప్పా. కాలు పెరిగితే మార్చాల. పాత చెప్పుకు దండం పెడితే కాలు నొప్పి పోతాదా?" పోదు. నిన్న మేనేజరుతో చెప్పాను, పోయి మార్పించుకుంటానని. బస్సు ఎందుకు, నేనే తోలుకొని పోతా పద అన్నాడు.

అందుకే ఈ పొద్దు తయారై గోడౌను మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. బండి ఎదురుగానే ఉంది. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఎడమ సీటులో కూర్చోలేదు. ఇందాక తుడుద్దామని ఆ తలుపు తీస్తే, సీటు ఇంకా ఆయన కాళ్ళ పొడవుకే వెనక్కి జరిపి ఉంది. దాన్ని ముందుకు జరపలేదు. అక్కడ కూర్చుంటే రోడ్డు ఎట్లా కనపడుతుందో ఇంకాసేపట్లో తెలుస్తుంది. ఆయన ఇన్నేళ్ళూ చూసింది రోడ్డు కాదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. హారను మోగిన ప్రతిసారీ నా మొహం కదిలిందా లేదా అని, నాకు తెలియకుండా ఇట్లా ఓరగా

"ఏమప్పా! పొద్దు పోతాండాది, దా!"

మేనేజరు. గేటు అవతలి నుంచి. వస్తాండా సార్, ఈ ఒక్క ముక్క రాసేసి వస్తాండా. నాకు తెలియకుండా ఇట్లా ఓరగా చూస్తూ, వినపడిందని తెలిసినప్పుడు ఆయన మళ్ళీ రోడ్డు వైపు తిరిగేవాడేమో.